ఆమ్లమును అణచు మందులు: వాటి చరిత్ర, వాటి పొత్తు

భోజనమైన గంటకో, రాత్రి పడుకొనిన పిమ్మటనో రొమ్ములో మంట పుట్టి, పుల్లని తేనుపు గొంతు దాక వచ్చుట చాలమందికి అనుభవమే. దానికి విరుగుడుగా నేడు మన ఇండ్లలో మూడు తరముల మందులు ఒకే అలమారలో కనబడును. మొదటిది చెంచాతో తాగు చిక్కని ద్రవము. రెండవది పడుకొనబోవునప్పుడు వేసికొను చిన్న బిళ్ల. మూడవది తెల్లవారగానే పరగడుపున మ్రింగు గుళిక. మూడింటి పనియు ఒక్కటే గదా అని, మంట ఎక్కువైననాడు మూడింటిని ఒక్కసారే పుచ్చుకొనువారు లేకపోలేదు. మూడును కడుపులోని ఆమ్లమును అణచుటకే ఏర్పడినవన్న మాట నిజము. అయితే అవి పనిచేయు చోటు వేరు, వేళ వేరు. ఒకదాని ప్రక్క మరొకటి ఉన్నప్పుడు వాటి నడవడియు వేరు. ఈ భేదమును తెలిసికొనుటకు శాస్త్రమునకు నూట యేబది యేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను క్రమముగా చూచినచో, ఏ మందు ఎప్పుడు, దేనితో, ఎందుకు అను ప్రశ్నకు సమాధానము అందులోనే దొరకును. దానినే నేడు శ్రోతల ముందు ఉంచదలచినాము.

మన ప్రాచీన వైద్యులు ఈ బాధను ఎరుగనివారు కారు. కాశ్యప సంహితయు, మాధవకరుని నిదాన గ్రంథమును 'ఆమ్లపిత్తము' అను పేరుతో దీనిని వర్ణించినవి. శంఖమును కాల్చి చేసిన శంఖభస్మము, గవ్వలను కాల్చి చేసిన భస్మము దీనికి ఔషధములుగా ఆయుర్వేదములో వాడుకలోనికి వచ్చినవి. రసాయన దృష్టితో చూచినచో ఇవి సున్నపు జాతికి చెందిన కాల్షియము సమ్మేళనములే. పాశ్చాత్య దేశములలోను సుద్దపొడి ఇందుకే వాడినారు. మన వంటింటి సోడా ఉప్పు కూడ ఈ కోవలోనిదే. పులుపునకు క్షారము విరుగుడన్న సంగతి ఇట్లు అనేక దేశములవారికి అనుభవమువలన తెలిసినది. ఆ పులుపు ఏ పదార్థము, అది ఎక్కడినుండి వచ్చుచున్నది అను విషయము మాత్రము ఎవరికిని తెలియదు.

మొదటి ప్రశ్నకు సమాధానము లండనులో లభించినది. విలియం ప్రౌట్ అను వైద్యుడు 1823 డిసెంబరులో రాయల్ సొసైటీ యెదుట ఒక వ్యాసమును సమర్పించినారు. జంతువుల కడుపులో ఉండు పులుపు మరేదియో కాదనియు, రసాయనశాలలలో వాడు ఉదజహరికామ్లమే, అనగా హైడ్రోక్లోరిక్ యాసిడే అనియు ఆయన పరీక్షల ద్వారా చూపినారు. లోహములను సైతము కరగించు ఆమ్లము మెత్తని మాంసపు సంచిలో నివసించుచున్నదన్న మాటను అప్పటి పండితులు కొందరు వెంటనే నమ్మలేకపోయినారు. సజీవుడైన మనుష్యుని కడుపులోనికి తొంగి చూచుటకు అవకాశము ఉన్నగాని సందేహము తీరదు.

అట్టి అవకాశము ఒక దుర్ఘటనవలన కలిగినది. అమెరికా, కెనడాల సరిహద్దు సరస్సులలో మాకినా అను చిన్న ద్వీపము ఉన్నది. అక్కడ జంతుచర్మముల వ్యాపారము చేయు కంపెనీవారి కొట్టులో 1822 జూన్ 6వ తేదీన ఒక తుపాకి పొరపాటున పేలినది. కెనడా దేశపు యువకుడు, పడవలలో సరకు మోయు కూలివాడు, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనువానికి ఎడమ ప్రక్క పెద్ద గాయమైనది. అక్కడి సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ చికిత్స చేసినారు. బ్రతుకడనుకొన్న మనిషి బ్రతికినాడు. గాయము మానినది కాని పూర్తిగా మూసికొనలేదు. బయటి చర్మమునుండి కడుపు లోపలికి ఒక రంధ్రము శాశ్వతముగా నిలిచిపోయినది.

1825లో బ్యూమాంట్ తన ప్రయోగములను ఆరంభించినారు. మాంసపు ముక్కను, రొట్టె ముక్కను పట్టుదారమునకు కట్టి ఆ రంధ్రము గుండా లోపలికి దింపి, గంట గంటకును పైకి లాగి ఎంత కరగినదో చూచెడివారు. జఠరరసమును బయటికి తీసి సీసాలలో పోసి, అందులోను ఆహారము కరగుచున్నదని నిరూపించినారు. ఆ రసమును పరీక్షించిన రసాయనజ్ఞులు అందులో ఉన్నది ఉదజహరికామ్లమేనని ధ్రువపరచినారు. రెండు వందలకు పైగా చేసిన ప్రయోగములను ఆయన 1833లో గ్రంథముగా ప్రకటించినారు. కోపము, భయము, జ్వరము కలిగినప్పుడు కడుపు లోపలి పొర రంగును, రసపు స్రావమును ఎట్లు మారుచున్నవో కూడ అందులో వ్రాసినారు.

ఈ విజ్ఞానమునకు మూల్యము చెల్లించినది ఆ కూలివాడు. అతడు వైద్యుని ఇంట పనివాడుగా ఉండి, పలుమార్లు విసిగి స్వదేశమునకు వెడలిపోయినాడు. 1832లో ఏడాదికి 150 డాలర్లకు ప్రయోగములకు ఒప్పుకొనునట్లు అతనితో పత్రము వ్రాయించినారు. 1880లో, బ్యూమాంట్ గతించిన ఇరువదియేడు సంవత్సరములకు, అతడు మరణించినాడు. వైద్యులు వచ్చి ఆ కడుపును కోసికొనిపోకుండ కుటుంబమువారు శరీరమును కొన్నాళ్లు ఎండలో చెడిపోనిచ్చి, పిమ్మట లోతుగా పాతిపెట్టినారు. కడుపు మంటకు నేడు మనము వేసికొను మందు ఏదైనను, దాని వెనుక ఈ మనుష్యుని ఋణము కొంత ఉన్నది.

కడుపులో ఉన్నది ఏ ఆమ్లమో తెలిసిన పిమ్మట దానిని క్షారముతో చంపు మందులు శాస్త్రీయముగా తయారు కాసాగినవి. ఐర్లండులో జేమ్స్ మరే అను వైద్యుడు 1829లో అక్కడి రాజప్రతినిధికి మెగ్నీషియము ద్రవమునిచ్చి చికిత్స చేసినారు. అమెరికాలో చార్లెస్ ఫిలిప్స్ 1873లో పాలవలె తెల్లనైన మెగ్నీషియా ద్రవమునకు హక్కుపత్రము పొందినారు. నేటికిని దుకాణములలో దొరకు 'మిల్క్ ఆఫ్ మెగ్నీషియా' అదియే. ఇరువదవ శతాబ్దములో అల్యూమినియము హైడ్రాక్సైడ్ దీనికి తోడైనది.

ఈ జాతి మందులు చేయు పని సులభమైనది. కడుపులో అప్పటికే చేరియున్న ఆమ్లముతో కలిసి దానిని ఉప్పుగాను, నీరుగాను మార్చును. పొలములో నిలిచిన నీటిని చేదతో తోడిపోయుట వంటిది ఈ పని. వెంటనే ఫలము కనబడును, పైనుండి మరల నీరు వచ్చును. కాని ఇందులోను ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క గుణము కలదు. సోడా ఉప్పు క్షణములో పనిచేయును, కాని బొగ్గుపులుసు వాయువును పుట్టించి కడుపు ఉబ్బరింపజేయును. అందలి సోడియము రక్తములో చేరును గనుక రక్తపు పోటు గలవారికి అది హితము కాదు. మెగ్నీషియము విరేచనములు కలిగించును. అల్యూమినియము మలబద్ధకము కలిగించును. ఈ రెండింటి దోషములు ఎదురెదురుగా ఉన్నవని గ్రహించి రెండింటిని ఒకే సీసాలో కలిపినారు. ఒక మందు దోషమును మరొక మందు దోషముతో సరిదిద్దిన ఈ కూర్పు, మందుల పొత్తు మేలు చేసిన తొలి ఉదాహరణలలో ఒకటి.

పొత్తు కీడు చేసిన ఉదాహరణయు ఆ కాలమునందే కనబడినది. 1910లో కార్ల్ ష్వార్ట్స్ అను శస్త్రవైద్యుడు ఆమ్లము లేనిచోట కడుపులో పుండు లేదని సూత్రీకరించినారు. నాటినుండి పుండు పడినవారికి ఆమ్లమును పగలనక రాత్రి అనక అణచుటయే చికిత్స అయినది. చికాగో నగరములో బెర్ట్రమ్ సిప్పీ 1915లో ప్రకటించిన పథ్యము లోకమంతట వ్యాపించినది. గంట గంటకును పాలు, మీగడ. నడుమ నడుమ క్షారపు పొడులు. పుండు బాధ తగ్గినది. కొందరిలో మాత్రము తలనొప్పి, వాంతులు, మతిభ్రమ, మూత్రపిండముల చెరుపు కనబడసాగినవి. 1923లో వైద్యులు ఈ పరిణామమును వర్ణించినారు. పాలలోని కాల్షియమును, క్షారమును కలిసి రక్తములో కాల్షియమును ప్రమాదస్థాయికి పెంచుచున్నవని తరువాత తెలిసినది. పాలు నిరపాయమే, మితమైన క్షారమును నిరపాయమే. వారాల తరబడి రెండింటిని అధికముగా కలిపి పుచ్చుకొన్నప్పుడు అపాయము పుట్టినది.

మరొక ఉదాహరణ తెలుగువారికి మరింత దగ్గరిది. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉండగా, అక్కడ బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించినారు. 1948లో అది లోకమునకు తెలిసినది. సుబ్బారావుగారు మరణించినదియు ఆ యేడే. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు మొదటి బిడ్డ ఈ మందే. ఎన్నో అంటువ్యాధులకు పనిచేసినది గాని, అది వికారమును, వాంతిని కలిగించెడిది. ఆ బాధ తగ్గుటకు రోగులకు అల్యూమినియము ద్రవమును కూడ ఇచ్చెడివారు. రెండింటిని కలిపి ఇచ్చినప్పుడు రక్తములో ఆరియోమైసిన్ చాల తగ్గిపోవుచున్నదని 1950లో పరిశోధకులు ప్రకటించినారు. అల్యూమినియము, మెగ్నీషియము, కాల్షియము వంటి లోహములు ఆ మందును గట్టిగా పట్టుకొనును. ఆ జంట పేగు గోడను దాటలేదు. కడుపునకు సుఖము కలిగించుటకై ఇచ్చిన ద్రవము ప్రాణము కాపాడవలసిన మందును పేగులోనే బంధించినదన్న మాట. ఇనుపధాతువు మాత్రలకు, థైరాయిడ్ మాత్రలకు, మరికొన్ని సూక్ష్మజీవినాశక మందులకు కూడ ఇట్టి బంధనము కలదు. ఇట్టి మందులకును, తెల్లని ద్రవమునకును నడుమ కొన్ని గంటల ఎడము ఉండవలెనని వైద్యులు చెప్పుట ఇందుకే.

తోడిపోయుటతో చాలదని అందరికిని తెలియుచుండినది. పుండు ముదిరినవారికి కడుపులో కొంత భాగమును కోసివేయుటయో, కడుపునకు పోవు నాడిని ఖండించుటయో తప్ప మార్గము లేకుండెను. నీరు పొలములో చేరకముందే ఆపవలెనన్నచో తూము ఎక్కడ ఉన్నదో తెలియవలెను. ఆ జాడను 1916లో పోలండు దేశీయుడు లియోన్ పోపీల్‌స్కీ కనుగొన్నారు. హిస్టమిన్ అను పదార్థమును చర్మము క్రింద ఎక్కించినప్పుడు కుక్క కడుపులో ఆమ్లము విశేషముగా ఊరుచున్నదని ఆయన చూచినారు. హిస్టమిన్ మన శరీరములోనే పుట్టును. ముక్కు కారుట, దద్దురులు లేచుట కూడ దాని పనియే. వీటికి హిస్టమిన్ విరోధులైన మందులు 1930వ దశకమునుండి రాసాగినవి. అవి దద్దురులను అణచినవి, ముక్కు కారుటను ఆపినవి. ఆమ్లమును మాత్రము చుక్కయైనను తగ్గింపలేదు. ఒకే పదార్థము చేయు రెండు పనులలో ఒకటి ఆగి మరొకటి ఎందుకు ఆగలేదు?

ఈ ప్రశ్నను పట్టుకొనినవారు స్కాట్లండు దేశీయుడు జేమ్స్ బ్లాక్. ప్రతి కణము మీదను పదార్థములను గుర్తించి స్వీకరించు గ్రాహకములు ఉండును. తాళమునకు తాళపుచెవివలె హిస్టమిన్ వాటికి అమరును. ముక్కులోని తాళము ఒకటి, కడుపులోని తాళము వేరొకటి అయియుండవలెనని ఆయన ఊహించినారు. 1964లో ఇంగ్లండులో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ పరిశోధనశాలలో పని ఆరంభమైనది. ఎన్నో వందల పదార్థములను పరీక్షించిన పిమ్మట 1972లో ఆ రెండవ గ్రాహకము ఉన్నట్లు నిరూపించినారు. దానిని మూసిన మొదటి మందు నోటి ద్వారా చాలినంత పనిచేయలేదు. తరువాతిది బాగుగా పనిచేసినది గాని కొందరి రక్తములో తెల్లకణములను తగ్గించినది. ఆ దోషమును తొలగించి చేసిన సిమెటిడిన్ 1976లో బ్రిటనులో వాడుకలోనికి వచ్చినది. శస్త్రచికిత్స బల్లమీదకు పోవలసిన వేలమంది బిళ్లలతో స్వస్థులైనారు. 1988లో బ్లాక్‌కు నోబెల్ బహుమానము లభించినది.

సిమెటిడిన్‌కు ఒక చిక్కు ఉండినది. మనము మ్రింగిన మందులను క్రమముగా విరిచి బయటికి పంపు ఎంజైములు కాలేయములో ఉండును. సిమెటిడిన్ వాటికి అడ్డుపడును. రక్తము గడ్డకట్టకుండ వాడు వార్ఫరిన్, ఉబ్బసమునకు వాడు థియోఫిలిన్, మూర్ఛకు వాడు ఫెనిటాయిన్ వంటివి దీనితో కలిసినప్పుడు విరుగక రక్తములో పోగుపడును, ప్రాణాపాయము కలుగవచ్చును. 1981లో వచ్చిన రానిటిడిన్‌లో ఈ దోషము అత్యల్పము. అది చిరకాలము లోకప్రియమైనది; కాని 2019లో ఆ మాత్రలలో క్యాన్సరు కారకమని భావింపబడు ఒక కల్మషము బయటపడగా, 2020లో అమెరికా ప్రభుత్వ సంస్థ దానిని విపణినుండి తొలగింపుమని కోరినది. భారతదేశపు అత్యవసర ఔషధముల జాతీయ పట్టికనుండి 2022లో దానిని తొలగించినారు. ఈ జాతిలో ఫామోటిడిన్ నేటికిని వాడుకలో ఉన్నది.

తూమును మూసినను కొంత నీరు ఇతర మార్గముల వచ్చుచునే ఉండును. ఆమ్లమును ఊరించు కణమును తట్టిలేపుటకు హిస్టమిన్ గాక నాడుల పిలుపు ఒకటి, గాస్ట్రిన్ అను రసపు పిలుపు ఒకటి కలవు. అంతేగాక ఈ బిళ్లలను దినదినమును వాడినచో కొలది దినములలోనే శరీరము అలవాటుపడి ఫలము సన్నగిల్లును. ఏ పిలుపు వచ్చినను ఆమ్లము బయటికి వచ్చు చివరి ద్వారము ఏది అని శాస్త్రజ్ఞులు వెదకినారు. 1970వ దశకములో అది దొరకినది. ఆ కణపు గోడలో ఒక ఎత్తిపోతల యంత్రము ఉన్నది. పొటాసియమును లోపలికి తీసికొని, ఉదజని అణువు సారమైన ప్రోటానును బయటికి తోయును. రక్తములో ఉన్నదానికంటె పది లక్షల రెట్లకు మించిన గాఢతతో ప్రోటానులను కడుపులోనికి ఎత్తిపోయు ఈ యంత్రమునకే ప్రోటాన్ పంపు అని పేరు.

స్వీడను దేశములో, గోథెన్‌బర్గ్ నగరపు ప్రక్కనున్న హెస్లె పరిశోధనశాలలో 1979లో తయారై, 1988లో వాడుకలోనికి వచ్చిన ఒమెప్రజోల్ ఈ పంపును పట్టుకొను మందు. దీని నడక విచిత్రమైనది. కడుపులో నేరుగా పడినచో ఆమ్లమువలననే చెడిపోవును. అందుకే దానికి పైపూత పూసి గుళికలో పెట్టుదురు. అది పేగులో కరగి, రక్తములో చేరి, రక్తము ద్వారా కడుపు గోడలోని కణములకు వచ్చును. అక్కడ ఆమ్లము ఊరుచున్న సన్నని కాలువలలో మాత్రమే పోగుపడి, ఆ ఆమ్లము తగిలినప్పుడే అసలు మందుగా మారి, పంపును విడువని పట్టు పట్టును. శత్రువు చేతనే మేల్కొని శత్రువును పట్టు మందు ఇది. రక్తములో అది నిలుచునది సుమారు గంట, రెండు గంటలే. పంపుమీద దాని పట్టు ఒక దినమునకు పైగా ఉండును.

దీనినుండి రెండు సంగతులు తేలుచున్నవి. నిద్రించుచున్న పంపును ఈ మందు పట్టలేదు. పనిచేయు పంపునే పట్టును. పంపులు ఎక్కువగా మేల్కొనునది భోజనవేళ. కనుక భోజనమునకు అరగంటనుండి గంట ముందు మ్రింగవలెను. ఒక్కనాటి గుళికకు అన్ని పంపులును దొరకవు గనుక పూర్ణఫలము రెండు మూడు దినములకు, ఒక్కొక్కరికి అంతకంటె ఆలస్యముగా కనబడును. మంట పుట్టిన క్షణమున గుళిక మ్రింగి వెంటనే తగ్గలేదని నిందించుట ఆ మందు స్వభావము తెలియకనే.

ఈ మందు సామాన్యునికి అందుటలో హైదరాబాదునకు భాగము కలదు. 1970 నాటి భారత హక్కుల చట్టము మందు తయారుచేయు పద్ధతికే గాని మందుకు హక్కు ఇచ్చెడిది కాదు. 2005లో ఆ చట్టము మారువరకు మన రసాయనజ్ఞులు వేరు పద్ధతిలో అదే మందును చేయుటకు వీలుండినది. 1984లో కల్లం అంజిరెడ్డిగారు హైదరాబాదులో స్థాపించిన సంస్థ ఒమెప్రజోలును 'ఒమెజ్' అను పేరుతో తయారుచేసి, ఇక్కడనే గాక రష్యా మొదలగు దేశములలోను విక్రయించినది.

మూడు తరముల మందుల నడక తెలిసినది గనుక వాటి పొత్తును గూర్చి ఇప్పుడు చెప్పవచ్చును. ద్రవమును, బిళ్లను ఒకేసారి పుచ్చుకొనినచో ద్రవము బిళ్లను కొంత రక్తములో చేరనీయదు. నడుమ గంట రెండు గంటల ఎడము మేలు. బిళ్లను, గుళికను ఒకేసారి పుచ్చుకొనినచో బిళ్ల పిలుపును ఆపి పంపులను నిద్రపుచ్చును, గుళికకు పట్టుటకు పంపులు తక్కువగును. కనుక రెండును కావలసినవారికి ఉదయము గుళిక, రాత్రి బిళ్ల అని వైద్యులు వేళలు పంచుదురు. గుళిక ఫలము ఇంకను రాని మొదటి దినములలో మంట చల్లారుటకు ద్రవమును తోడుగా ఇచ్చుట కలదు. ఇది మంచి పొత్తు. పుండుమీద పొరవలె అతుకుకొను సుక్రాల్ఫేట్ అను మందు వేరొకటి ఉన్నది. అది అతుకుటకు ఆమ్లమే కావలెను. కావున దానికి అరగంట ఇటు అటుగా ద్రవమును తాగరాదు. 2014లో జపానులో అనుమతి పొందిన వోనోప్రజాన్ వంటి కొత్త మందులు ఆమ్లముచే మేల్కొననక్కరలేకయే పంపును అడ్డగించును. వాటికి భోజనవేళ నియమము అంతగా లేదు.

ఇతర వ్యాధుల మందులతోను లెక్క చూచుకొనవలెను. గుండెజబ్బువారు రక్తము గడ్డకట్టకుండ వాడు క్లోపిడోగ్రెల్ కాలేయములోని ఒక ఎంజైముచే మేల్కొనవలెను; ఒమెప్రజోల్ ఆ ఎంజైమునకే అడ్డుపడును. 2009లో అమెరికా సంస్థ ఈ రెండింటిని కలుపవద్దని హెచ్చరించినది. అంతగా అడ్డుపడని పాంటాప్రజోల్ వంటిదానిని వైద్యులు ఎన్నుకొనుచున్నారు. ఇనుపధాతువు రక్తములో చేరుటకు, బీ12 విటమిను ఆహారమునుండి విడివడుటకు ఆమ్లము తోడ్పడును. గుళికలను ఏండ్ల తరబడి వాడువారిలో బీ12, మెగ్నీషియము తగ్గుట కనబడినది. దీర్ఘకాలము వాడి ఒక్కసారిగా మానినచో, అంతవరకు అణగియున్న ఆమ్లము కొన్నాళ్లు మునుపటికంటె ఎక్కువగా ఊరుటయు కలదు. దానిని చూచి వ్యాధి తిరుగబెట్టినదని భ్రమపడి మరల గుళికకే బందీ అగువారు ఉన్నారు.

ఈ చరిత్రలో చివరి అధ్యాయము మొదటి సూత్రమునే తిరిగి పరీక్షింపజేసినది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరములో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులు 1982లో కడుపు పొరలోనుండి మెలికలు తిరిగిన ఒక సూక్ష్మజీవిని పెంచగలిగినారు. ఆమ్లములో ఏ జీవియు బ్రతుకదను నమ్మకము నాడు బలముగా ఉండెను. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులు గల ద్రవమును తానే తాగి, తన కడుపులో వాపు కలిగినదని చూపినారు. కడుపులోను, చిన్నపేగు మొదటను పడు పుండ్లలో అధికభాగమునకు ఈ హెలికోబాక్టర్ మూలకారణమనియు, నొప్పుల మాత్రలు మరొక ముఖ్యకారణమనియు క్రమముగా స్థిరపడినది. 2005లో ఇరువురికి నోబెల్ బహుమానము లభించినది. ఆమ్లమును అణచినంతకాలము పుండు మానుట, మానివేయగానే తిరిగి పడుట ఎందుకో అప్పుడు బోధపడినది. నేడు పంపును ఆపు గుళికతోపాటు రెండు సూక్ష్మజీవినాశక మందులను ఒకటి రెండు వారములు ఇచ్చి ఆ క్రిమిని నిర్మూలించుచున్నారు. ఆమ్లము తగ్గిన కడుపులో ఆ మందులు చెడక బలముగా పనిచేయును. 1950లో ఆమ్లపు మందు సూక్ష్మజీవినాశకమును బంధించినది. నేడు వేరొక ఆమ్లపు మందు సూక్ష్మజీవినాశకములకు మార్గము సుగమము చేయుచున్నది. పొత్తు మంచిదా చెడ్డదా అన్నది మందుల పేర్లనుబట్టి తేలదు. వాటి పనితీరును, వేళను బట్టి తేలును.

ఆమ్లము మనకు పగదని అనుకొనుటయు పొరపాటు. అన్నమును జీర్ణింపజేయుటకు తోడ్పడుచు, నోటి ద్వారా వచ్చు క్రిములను చంపునది అదియే. మన పెద్దలు దానిని జఠరాగ్ని అని గౌరవించినారు. పొయ్యిలోని నిప్పును అదుపులో పెట్టుకొందుముగాని ఆర్పివేసికొనము. మేము వైద్యులము కాము. మందు నిర్ణయించుట మా పని కాదు. అయినను ఇంతమాత్రము చెప్పగలము. వైద్యుని వద్దకు పోవునప్పుడు ఇంటిలో వాడుచున్న మందులన్నింటి పేర్లను, దుకాణములో అడిగి కొన్న ద్రవముతో సహా, వ్రాసికొని పోవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు అల్యూమినియము, మెగ్నీషియము ద్రవములను స్వంతముగా తాగరాదు. మలము నల్లబడినను, మ్రింగుట కష్టమైనను, కారణము లేక బరువు తగ్గినను, మంట వారములు గడచినను తగ్గకున్నను, మందుతో అణచి ఊరుకొనరాదు. రొమ్ములో నొప్పి చేతికిని దవడకును ప్రాకి చెమటలు పట్టినచో అది కడుపు మంట కాక గుండెపోటు కావచ్చును. ఆ గడియలో సీసా వెదకుట మాని ఆసుపత్రికి పోవలెను.